కోరి తెచ్చుకున్న కష్టం

మా ఆఫీసులో అందరికంటే తక్కువ జీతం ఇంటికి పట్టుకెళ్ళే మనిషి ఒకామె ఉండేది. ఆమెను చూసి నేను కుళ్ళుకునేదాన్ని. ఈ మాట చెబితే ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు నవ్వుతారు. ప్రమోషన్ కొట్టేసినవాళ్ళను చూసో, పెద్ద ఇల్లు కట్టినవాళ్ళను చూసో ఏడవడం లోకంలో ఉన్నదే. పీకల్లోతు అప్పుల్లో మునిగి, మొగుడితో తెగతెంపులు చేసుకుని, ఒంటిగదిలో ఉండే మనిషిని చూసి ఏడ్చేవాళ్ళుంటారా? ఉంటారు. నేనున్నాను.

నేను పనిచేసింది పోర్ట్ బ్లెయిర్‌లో ఉద్యోగుల కోసం పెట్టిన ఒక చిన్న పరపతి సొసైటీలో. పిల్ల పెళ్ళికనో, ఇంటి రేకులు మార్చడానికనో, మెయిన్‌లాండ్‌లో ఆపరేషన్‌కనో సభ్యులు అప్పు తీసుకుంటారు. ప్రతి నెలా వాళ్ళ ఆఫీసులవాళ్ళు జీతంలోంచి కిస్తీ కోసి మాకు పంపుతారు. అప్పుల సెక్షన్ నాది. నేను కుళ్ళుకున్న ఆ అమ్మాయి డిపాజిట్ల కౌంటర్లో కూర్చునేది. మా ఇద్దరి కుర్చీలకూ మధ్య ఒక ఇనప బీరువా అడ్డం, అంతే. మేమిద్దరం ఆ సొసైటీలో ఉద్యోగులమే కాదు, సభ్యులం కూడా. అంటే అప్పులున్నవాళ్ళం.

నా అప్పుల సంగతి ముందు చెప్పాలి. మా ఆయన చిన్న కాంట్రాక్టరు. చెడ్డవాడు కాదు. తాగడు, పేకాడడు, ఆదివారం చర్చిలో ముందు బెంచీలో కూర్చుంటాడు. కాకపోతే పట్టిన ప్రతి పనిలోనూ నష్టమే. ఆ నష్టానికి ఎప్పుడూ ఒక కారణం ఉండేది, ఆ కారణం ఎప్పుడూ ఆయన చేతికి అందనంత దూరంలో ఉండేది. షిప్పు ఆలస్యమై సిమెంటు రాలేదు. ఇసుక తవ్వకాలు ఆపేశారు. బిల్లు పైనెక్కడో ఆగింది. ఆయనకు నెలజీతం లేదు కాబట్టి ప్రతి కొత్త అప్పూ నా పేరునే. ప్రోతరాపూర్‌లో మా ఇంటి వెనక కాంక్రీటు కలిపే మిషను తుప్పు పడుతూ ఉండేది, దాని మీది అప్పు మాత్రం ఎప్పుడూ కొత్తదిగానే ఉండేది. చర్చిలో ఆడవాళ్ళు నా గురించి "ఎంత ఓర్పు తల్లీ" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా పమిట సర్దుకునేదాన్ని. అదొక్కటే నాకు దొరికిన వడ్డీ.

ఆ అమ్మాయి నాకంటే చాలా చిన్నది. భర్తకు డైరీ ఫార్మ్ అనే పేటలో మొబైల్ షాపు ఉండేది. వాళ్ళదీ మా తెలుగు చర్చే. అతను ఆరాధనలో కీబోర్డు వాయించేవాడు. మనిషి సరదా అయినవాడు, ఎవరింట్లో పుట్టినరోజైనా కేకు తనే తెచ్చేవాడు. ఆ కేకుల డబ్బు భార్య జీతంలోంచి వస్తోందని మాకెవరికీ తెలియదు. షాపుకని ఆమె పేరున మా దగ్గర అప్పు. టూరిస్టులకు తిప్పే టాక్సీకని బ్యాంకులో అప్పు. టూరిస్టులు రావడం ఆగిపోయిన రోజుల్లో టాక్సీ ఇంటి ముందు నిలబడిపోతే, ఆ కిస్తీలు కట్టడానికని ఫోన్లో ఇచ్చే అప్పులు. చివరికి షాపు మూతపడింది. టాక్సీ అమ్మేసి ఆ డబ్బు ఏంచేశాడో అతను చెప్పలేదు, ఆమె అడగడం మానేసింది.

విడాకులకు అతను ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఆమె పేరున ఉన్న అప్పులన్నీ ఆమే తీర్చుకోవాలి, తననేమీ అడగకూడదు. ఆమె సంతకం పెట్టింది.

ఆ ఆదివారం చర్చి మెట్ల దగ్గర ఒకరి నోట విన్న మాటే ఆ తరువాత అందరి నోటా విన్నాను. "కష్టం కోరి తెచ్చుకుంది."

మధ్యాహ్నం అన్నాలు తినేటప్పుడు నేనే అడిగాను. "కోర్టులో గట్టిగా నిలబడితే ఆ టాక్సీ అప్పయినా అతని నెత్తిన పడేది కదే. ఎందుకు ఒప్పుకున్నావు?"

"నిలబడీదాన్నే దీదీ. ఏళ్ళూ పూళ్ళూ పట్టీస్తాదని వకీల్ సెప్పీసేడు. అన్నాళ్ళూ తారీఖు పడిన ప్రతిసారీ ఆ మనిషి మొకం సూడాలి. అప్పయితే ఏటుంది, కట్టీస్తే అయిపోద్ది. బస్, ఖతమ్."

ఖతమ్ అన్నప్పుడు చేత్తో గాలిలో ఒక గీత గీసింది. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నా జీవితంలో 'ఖతమ్' అనగలిగింది ఏదైనా ఉందా అని వెతుక్కుంటున్నాను.

అసూయ అక్కడ మొదలైంది. మొదలయ్యాక దానికి మేత కరువా? ఆ అమ్మాయి ఫోను మోగేది కాదు. నాది గంటకోసారి మోగేది, "చెక్కు పాసయిందా కనుక్కో" అని. ఆమె డబ్బాలో అన్నం, ఒక చేప ముక్క ఉండేవి. అవే మెల్లగా, ముల్లు ముల్లూ తీసుకుని, టైము తనదే అన్నట్టు తినేది. సాయంత్రం బస్టాండులో ఒక జామకాయ కొనుక్కుని అక్కడే నిలబడి మొత్తం తనే తినేసేది. చూడటానికి చిన్న విషయం. ఇరవై ఏళ్ళ సంసారంలో నేను ఒక కాయ పూర్తిగా తిన్న గుర్తు లేదు. ముక్కలు కోసి పంచగా మిగిలిన గింజలే నావి. ఆ జామకాయ చూస్తూ బస్సు వదిలేసుకున్న రోజులున్నాయి.

అలా ఉండగా ఆమె సొసైటీకి దరఖాస్తు పెట్టింది. కోతలు పోగా మిగిలిన జీతం అద్దెకూ బియ్యానికీ బస్సుకూ చాలడం లేదు, కిస్తీ సగానికి తగ్గించి గడువు పెంచమని. మా నిబంధనల్లో అలాంటి వెసులుబాటు ఉంది. కాని సభ్యుడి చేతిలో లేని కారణంగా ఇబ్బంది వచ్చి ఉండాలి. రోగం, చావు, తుపాను, అలాంటివి. విడాకులు ఆ వరసలో లేవు. విచారణ చేసి కమిటీ ముందు పెట్టాల్సింది అప్పుల సెక్షన్, అంటే నేను.

ఇల్లు చూడటానికి సిప్పీఘాట్ వెళ్ళాను. ఒక ముసలి దంపతుల ఇంటి వెనక, పోకచెట్ల మధ్య రేకుల గది. ఆమె తలుపు తీసి, "రా అక్కా" అంది. ఆఫీసులో దీదీని, గుమ్మం దాటితే అక్కను. దవడ వాచి ఉంది.

"పన్ను పీకించాలి. వొచ్చే నెల సూద్దాం. అందాకా లవంగం ఉందిగా" అంటూ స్టూలు వేసింది.

బియ్యం డబ్బా మూత తీసి ఉంది, అడుగు కనిపిస్తోంది. రేకు సందులోంచి వాన కారిన మరక గోడ మీద పాములా దిగింది. కిటికీకి గడియ లేదు, తాడు కట్టింది. "వానాకాలం రాత్రిపూట భయమేస్తాదక్కా, అబద్ధం ఎందుకు" అంది.

ఇవన్నీ చూశాను. చూడాల్సింది అవే, రాసుకోవాల్సిందీ అవే. కాని నా కళ్ళు వెళ్ళింది గుమ్మం దగ్గరికి. అక్కడ ఒకటే జత చెప్పులు. గోడకు ఒకటే తువ్వాలు. ఆ గదిలో ఏ వస్తువు మీదా ఎవరి కోపమూ లేదు, ఎవరి వ్యాపారమూ లేదు. ఆమె టీ కాచి, ఉన్న ఒక్క గ్లాసూ నాకిచ్చి తను గిన్నెతో తాగింది.

"నన్ను సూసి జాలి పడకక్కా" అంది.

"జాలి కాదమ్మా" అన్నాను. అది పచ్చి నిజం.

ఇంటికి చేరేసరికి మా ఆయన వాకిట్లోనే ఎదురొచ్చాడు, మొహం వెలిగిపోతోంది.

"పనొచ్చింది. రోడ్డు పక్క కాలవ. ఈ దెబ్బకి పాతవన్నీ తీరిపోతాయి. సొసైటీలో ఇంకాస్త తీయాలి, అంతే. నువ్వో సంతకం పెట్టీ."

"చూద్దాం" అన్నాను.

అన్నాక నా మీద నాకే మంట పుట్టింది. ఆ రేకుల గదిలో ఆ అమ్మాయి ఎవరికీ 'చూద్దాం' అనక్కర్లేదు కదా!

కమిటీ కూర్చున్న రోజు వచ్చింది. మా అధ్యక్షుడు రిటైరైన హెడ్మాస్టరు. నిజాయితీపరుడు. సొసైటీ టీ కూడా తాగేవాడు కాదు, ఇంటి నుంచి ఫ్లాస్కు తెచ్చుకునేవాడు. కమిటీలో మాటలన్నీ హిందీలోనే నడిచేవి. నేను చూసింది చూసినట్టు చదివాను. పన్ను, బియ్యం, కిటికీ తాడు. చెప్పుల జత సంగతి చెప్పలేదు.

ఆ అమ్మాయిని లోపలికి పిలిచారు. అధ్యక్షుడు మర్యాదగానే అడిగాడు.

"బేటీ, విడాకులు నీ ఇష్టంతోనే తీసుకున్నావా?"

"జీ సర్."

"అప్పులన్నీ నేనే కడతానని నువ్వే సంతకం పెట్టావా?"

"జీ."

"అంటే ఈ ఇబ్బంది నువ్వు ఎంచుకున్నదే."

ఏదో ఒకటి చెప్పి తప్పుకుంటుందనుకున్నాను. భయపెట్టి చేయించాడనో, తెలియక పెట్టాననో అంటే చాలు, కమిటీ కరిగేది. కరగడానికి సిద్ధంగానే కూర్చున్నారు. ఆమె ఆ పని చేయలేదు.

"అవును సర్, నేనే ఎంచుకున్నాను. నా ముందు రెండు కష్టాలున్నాయి. ఒకటి ఎన్నటికీ తీరేది కాదు. ఇంకోటి కడితే తీరిపోతుంది. తీరే కష్టాన్ని ఎంచుకున్నాను. ఎగ్గొడతాననడం లేదు, కాస్త టైమివ్వమంటున్నాను."

అధ్యక్షుడు కాగితం పక్కకు జరిపాడు.

"నీ ధైర్యం మెచ్చుకోదగ్గదే. కాని నిబంధన ఉంది. ఇష్టపడి తెచ్చుకున్న కష్టానికి వెసులుబాటు ఇస్తే రేపు ఇక్కడ క్యూ కడతారు."

నేను నోరు మూసుకుని ఉంటే చాలు. దరఖాస్తు కొట్టేసేవారు, తప్పు నాది కాదు. ఆ అమ్మాయికి ఒక్కసారైనా 'లేదు' అనే మాట వినపడబోతోందని నా కడుపులో ఒక మూల చల్లగా ఉంది కూడా. అబద్ధం ఆడను.

కాని అధ్యక్షుడు అక్కడితో ఆగలేదు. నా వైపు చేయి చూపించాడు.

"ఈ అమ్మగారిని చూడు. ఇసుక ఆగిపోయి భర్త దెబ్బతిన్నప్పుడు వీరికి వెసులుబాటు ఇచ్చాం. అది దేవుడు పంపిన కష్టం. ఈవిడ సంసారాన్ని పట్టుకుని నిలబడి భరించారు. కష్టమంటే అది."

అందరూ నన్ను చూశారు. ఎప్పటిలాగే పమిట సర్దుకోబోయాను. ఆ అమ్మాయి కూడా తల తిప్పి చూసింది. ఆ చూపులో ఎగతాళి లేదు, కోపం లేదు. అదే నా ఒళ్ళు మండించింది. 'నేనే ఎంచుకున్నాను' అని ఇంతమంది మధ్య ఎంత తేలిగ్గా అనేసింది! నా నోట ఆ మాట ఒక్కసారైనా వచ్చిందా? ఇసుక చేసింది, షిప్పు చేసింది, దేవుడు చేశాడు. నేనేం చేశానట?

కుర్చీలోంచి ఎప్పుడు లేచానో తెలియదు.

"సర్, నాదీ నేను ఎంచుకున్నదే" అన్నాను.

"క్యా?" అన్నాడాయన.

"ఇసుక ఆగింది నిజమే. కాని ఇసుక ఆగకముందూ అప్పుంది, ఇసుక వచ్చాకా ఉంది. ప్రతిసారీ సంతకం పెట్టింది నేను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు. పోతుందని తెలిసే పెట్టాను. కాదంటే ఇంట్లో మాటలుండవని పెట్టాను. చర్చిలో నలుగురూ మంచిదంటారని పెట్టాను. తెగతెంపులు చేసుకోవడం ఎంచుకోవడమైతే, అంటిపెట్టుకుని ఉండటమూ ఎంచుకోవడమే కదా సర్? ఈమెకు ఇవ్వకపోతే నాకిచ్చింది కూడా వెనక్కి తీసుకోండి."

మీరు దీన్ని మంచితనం అనుకోకండి. ఆ క్షణంలో నాలో కరుణ చుక్క లేదు. ఆ అమ్మాయి దగ్గరున్నది నాకు లేదన్న కుళ్ళు, అంతే. ఆమె అనగలిగిన మాట నేనూ అనాలి. చంటిపిల్లలు పక్కవాళ్ళ చేతిలో బొమ్మ చూసి ఏడుస్తారే, అలా లాక్కున్నాను ఆ మాటను.

అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఈ మాట ఇంట్లో కూడా అనగలరా?" అని అడిగాడు. నేను కుర్చీలో కూర్చున్నాను. వాళ్ళలో వాళ్ళు తర్జనభర్జన పడి, ఏడాది పాటు కిస్తీ సగానికి తగ్గించి, ఆ తరువాత మళ్ళీ చూద్దామన్నారు. నిబంధన మాత్రం మార్చలేదు. 'ప్రత్యేక పరిస్థితి' అని రాసుకున్నారు. మా దగ్గర తేల్చలేని ప్రతిదీ ప్రత్యేక పరిస్థితే.

వరండాలో ఆ అమ్మాయి నన్ను నిలేసింది. థాంక్స్ చెబుతుందనుకున్నాను.

"నా ఫైలు గురించి మాట్లాడితే సాల్దా దీదీ? నీ సంసారం తెచ్చి అందరి మధ్యా ఎందుకు పెట్టీసేవు? ఇపుడు ఇంట్లో భయ్యాకి తెలిస్తే?" కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నా కోసం. దానికీ అసూయపడ్డాను. నా కోసం ఏడవడం నాకు చేతనయ్యేది కాదు.

మా ఊళ్ళో కబురు బస్సుకంటే ముందు చేరుతుంది. ఇంటికి వెళ్ళేసరికి మా ఆయన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చెప్పులు కూడా విడవలేదు.

"నా పరువు తీసీసేవు" అన్నాడు.

"మీ గురించి ఒక్క మాటా అనలేదండీ. నా గురించే చెప్పాను."

"రెండూ ఒకటే. నేనేటి, పేకాడి తగలేసేనా? మన కోసమే కదా సేసేను?"

"మన కోసమే. నాకు తెలుసు."

"మరి? ఆ పిల్లలాగ నన్నూ వొదిలీస్తావేటి?"

ఆయన ఆ మాట కోపంతోనే మొదలుపెట్టాడు, చివర గొంతు సన్నబడిపోయింది. నేను పక్కన మెట్టు మీద కూర్చున్నాను. నిజంగానే ఆలోచించాను. ఆ రేకుల గది, ఆ ఒక్క చెప్పుల జత కళ్ళ ముందు ఆడాయి. ఈ మనిషి ఆదివారం ఉదయం నా చీర తనే ఇస్త్రీ చేయడం కూడా ఆడింది.

"వదలను" అన్నాను. "సంతకం పెట్టను."

"కాలవ పని పోద్ది."

"పోనీండి."

ఆయన లేచి లోపలికి వెళ్ళాడు. ఆ తరువాత చాలా రోజులు మా ఇంట్లో ప్లేట్ల చప్పుడే మాటలు. ఇన్నేళ్ళూ ఏ మౌనానికి భయపడి సంతకాలు పెట్టానో ఆ మౌనం వచ్చి కూర్చుంది. చూస్తే అది నేననుకున్నంత పెద్దదేం కాదు. అందులో కూడా వంట చేసుకోవచ్చు, నిద్రపోవచ్చు.

ఒక ఉదయం ఎవరో వ్యాను తెచ్చి వెనక ఉన్న కాంక్రీటు మిషను ఎక్కించుకుపోయారు. ఎంతకు అమ్మారని నేను అడగలేదు. ఆ నెలే ఆయన ఒక పెద్ద కాంట్రాక్టరు దగ్గర సైటు చూసుకునే పనికి కుదిరాడు. ఆ పని ఆయనకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చలేదు. "ఆడికి లెవెల్ పట్టడం రాదు" అని యజమానిని రోజూ తిడతాడు. కాని మొదటి జీతం వచ్చిన రోజు చర్చిలో కానుకల సంచి తన ముందుకు వచ్చినప్పుడు, నా వైపు చెయ్యి చాపకుండా తన జేబులో చెయ్యి పెట్టాడు.

కష్టం మనం ఎంచుకున్నదేనా అని మీరు నన్నడిగితే, ఇన్నేళ్ళు అప్పుల సెక్షన్లో కూర్చున్నదాన్ని, నాకిప్పటికీ సరిగా తెలియదు. మొగుడు టాక్సీ కొంటానన్నప్పుడు ఆ అమ్మాయికి దారి లేదు. వదిలించుకునేటప్పుడు ఉంది. నాకు అన్నిసార్లూ ఉంది, ఉన్నట్టు తెలియలేదు. ఒకటి మాత్రం చెప్పగలను. మీ ఎదుట కుర్చీలో చెయ్యి చాచి కూర్చున్న మనిషిని, ఈ కష్టం నువ్వు తెచ్చుకున్నదేనా అని అడగాల్సి వస్తే, అదే ప్రశ్న ముందు మీకు మీరు వేసుకోండి. ఆ తరువాత అడగబుద్ధి వేస్తే అడగండి.

నేను రిటైరయ్యాక ఆ అమ్మాయి అప్పులన్నీ తీరిపోయాయి. ఆ కబురు చెప్పడానికి ప్రోతరాపూర్ వచ్చింది. దవడ మామూలుగా ఉంది, కట్టించిన పన్ను చూపించింది. "నీల్ ద్వీపం ఎల్దాం అక్కా. రెండు రోజులు. నువ్వూ నేనే. పుట్టి బుద్ధెరిగి పక్క ద్వీపం సూళ్ళేదు నేను" అంది.

అప్పు తీరిన సంతోషంలో మనిషి మెరిసిపోతోంది. నాకు మళ్ళీ అసూయ మొదలైంది. నావి ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి.

రాత్రి అన్నం వడ్డిస్తూ మా ఆయనతో, "శుక్రవారం నీల్ వెళ్తున్నాను" అన్నాను. అడగలేదు, చెప్పాను. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, "గొడుగు అట్టుకెళ్ళు" అన్నాడు.

ఫెర్రీ రేవు దాటిందో లేదో సముద్రం కాస్త లేచింది. అప్పులకు భయపడనిది, కోర్టుకు భయపడనిది, కమిటీ ముందు తల దించనిది, దీవుల్లో పుట్టి పెరిగిన మనిషి, ఆ చిన్న అలలకే తెల్లకాగితంలా అయిపోయింది. ప్లాస్టిక్ సంచి మొహానికి ఆనించుకుని ఒకటే వాంతులు. నేను ఆమె జుట్టు వెనక్కి పట్టుకుని, వీపు రాస్తూ, మంచినీళ్ళు పుక్కిలింపిస్తూ కూర్చున్నాను. నాకేమీ కాలేదు. ఆకలి కూడా వేస్తోంది.

ఎన్నాళ్ళుగానో ఆ అమ్మాయిని చూసి నాకు కలగని హాయి మెల్లగా గుండెలోకి దిగింది. దేవుడు న్యాయంగానే పంచాడు. ఈ ఒక్కటీ ఈమెకు చేతకాదు, నాకు చేతనవును.

ఆమె సంచిలోంచి తల ఎత్తి, ఒక కన్ను తెరిచి నన్ను చూసింది.

"నవ్వుతన్నావేటక్కా?"

"లేదమ్మా, లేదు" అన్నాను. నవ్వు ఆగడం లేదు.